18 పౌండరా, 25 పౌండరా? నా ఓటు దేనికంటే

బ్రిటిష్ ఫీల్డ్ గన్స్, అంటే సైన్యంతో పాటు యుద్ధరంగంలోకి లాక్కెళ్లే ఫిరంగుల గురించి మాటొస్తే ఈ రెండూ పక్కపక్కన పెట్టాల్సిందే. పేరులో ఉన్న అంకె సుమారుగా షెల్ బరువు, పౌండ్లలో. 18 పౌండర్ 1904లో సర్వీస్‌లోకి వచ్చింది, ఆరు గుర్రాలు లాగేవి, మొదటి ప్రపంచ యుద్ధంలో దగ్గర దగ్గర 10 కోట్ల షెల్స్ పేల్చారంటే ఎంత భారం మోసిందో చూడండి. కానీ మొదట్లో దానికిచ్చింది ష్రాప్నెల్ షెల్సే, అంటే గాల్లో పేలి చిన్న చిన్న గుళ్లు చిమ్మేవి, అవి ఆరుబయట ఉన్న సైనికుల మీద పనిచేసేవి గానీ ట్రెంచుల్లో లోతుగా దాక్కున్నోళ్లని పెద్దగా ఏం చేయలేకపోయేవి. పైగా క్యారేజీకి, అంటే బ్యారెల్‌ని మోసే చక్రాల బండికి, వెనక మధ్యలో ఒకటే దూలం, బ్యారెల్ వెనక భాగం దానికి అడ్డొచ్చేది కాబట్టి బ్యారెల్ 16 డిగ్రీలకి మించి లేచేది కాదు, రేంజ్ 6 కిలోమీటర్ల దగ్గర ఆగిపోయేది, తర్వాతి మోడల్స్‌లో పెరిగిందనుకోండి.

25 పౌండర్ రేంజ్ 12 కిలోమీటర్లు. షెల్ వేరు, దాన్ని పేల్చి పంపే మందు వేరు, దూరాన్ని బట్టి మందు తగ్గించి పెంచుకోవచ్చు, అంటే నేరుగా దూరం కొట్టే గన్, షెల్‌ని ఎత్తుగా లేపి పైనుంచి పడేసే హోవిట్జర్, రెండు పనులూ దీంతోనే. నాకు బాగా నచ్చేది కింద ఉండే గుండ్రటి ప్లాట్‌ఫామ్, దాని మీద మొత్తం ఫిరంగిని తిరగలిలా ఎటు కావాలంటే అటు గిర్రున తిప్పేయొచ్చు, నార్త్ ఆఫ్రికా ఎడారిలో జర్మన్ ట్యాంకులు మీదకొచ్చినప్పుడు ఇదే కాపాడింది. 1942 అక్టోబర్ 23 రాత్రి ఈజిప్టులోని ఎల్ అలమైన్ యుద్ధంలో ఇవి వందల కొద్దీ ఒకేసారి మోగాయి. మన ఆర్మీ కూడా 1965, 1971 యుద్ధాల్లో వాడింది.

నా ఓటు 25కే. అయితే మొదటి 25 పౌండర్లని 18 పౌండర్ క్యారేజీల మీదే కట్టారు, ఆ క్రెడిట్ పాతదానికి ఇవ్వాల్సిందే.