వానలో ఒంటరిగా స్కూబా డైవింగ్‌కి వెళ్లొచ్చాను, ఈ సెంటర్ బాగుంది

మొదటి రోజు అలలు ఎక్కువగా ఉన్నాయని వాళ్లే డైవ్ రద్దు చేసి డబ్బు మొత్తం తిరిగిచ్చేశారు, నాకు నమ్మకం కుదిరింది అక్కడే. ఒక్కదాన్నే వెళ్లాను కాబట్టి నీళ్లలో బడ్డీ ఎవరన్న టెన్షన్ ఉండేది, కానీ ఇన్‌స్ట్రక్టరే నాకు జతగా దిగి, కాస్త కిందికి వెళ్లినప్పుడల్లా ఆగి నీటి ఒత్తిడికి చెవులు సర్దుకున్నాయా అని సైగ చేసి అడిగింది. వాగు నీళ్లు కలిసి సముద్రం మసకగానే ఉంది. అయినా పైకి వచ్చేముందు 5 మీటర్ల లోతులో 3 నిమిషాలు ఆగే సేఫ్టీ స్టాప్‌లో తల పైకెత్తితే, చినుకులు పడ్డచోటల్లా నీటి పైపొర సన్నగా వణుకుతూ కనిపించింది, ఎంత బాగుందో! వెట్‌సూట్లు (నీళ్లలో వేసుకునే రబ్బరు సూట్లు) మాత్రం ఆరక ముక్కవాసన, మీది మీరు తెచ్చుకోండి. డైవ్ చేసిన వెంటనే విమానం ఎక్కితే ప్రమాదం కాబట్టి, తిరుగు విమానం ఎప్పుడని ముందే అడిగి, ఆఖరి డైవ్ తర్వాత 18 గంటలు ఖాళీ ఉండేలా చూశారు.