ఎమ్‌క్యాట్ సైకాలజీ–సోషియాలజీకి ప్రత్యేకంగా ట్యూషన్ అవసరమా? ఏడాది వాడకం తర్వాత ఒక సమీక్ష

అమెరికాలో వైద్య కళాశాలల ప్రవేశానికి రాయవలసిన ఎమ్‌క్యాట్ పరీక్షలోని చివరి భాగానికి, అంటే సైకాలజీ–సోషియాలజీ సెక్షన్‌కు మాత్రమే, నేను ఇంచుమించు ఏడాది పాటు ఆన్‌లైన్‌లో ట్యూషన్ చెప్పించుకున్నాను. ఒక విద్యార్థికి ఒక ట్యూటర్ చొప్పున, వారానికి ఒకటి రెండు గంటలు, ముందుగా గంటల ప్యాకేజీ కొనుక్కునే పద్ధతి అది. సంస్థ పేరు రాయడం లేదు, ఎందుకంటే చెప్పవలసిన వాటిలో మెప్పుతో పాటు ఫిర్యాదులు కూడా ఉన్నాయి. నా అభిప్రాయాన్ని ముందే చెప్పేస్తాను: పాఠాలు చెప్పించుకోవడానికైతే ఈ సెక్షన్‌కు ట్యూటర్ దండగ, తప్పు ఆప్షన్లు ఎందుకు తప్పో మన నోటితోనే చెప్పించగల మనిషి దొరికితే మాత్రం పెట్టిన డబ్బుకు న్యాయం జరుగుతుంది.

ఈ సెక్షన్ 2015 ఏప్రిల్‌లో పరీక్ష స్వరూపం మారినప్పుడు కొత్తగా చేరింది. 95 నిమిషాల్లో 59 ప్రశ్నలు చేయాలి. వాటిలో 44 ప్రశ్నలు పది ప్యాసేజ్‌ల కింద వస్తాయి, మిగిలిన 15 విడి ప్రశ్నలు. స్కోరు 118 నుంచి 132 వరకు ఉంటుంది. పరీక్ష నిర్వహించే ఏఏఎంసీ (అమెరికా వైద్య కళాశాలల సంఘం) ప్రకటించిన లెక్క ప్రకారం సుమారు 65 శాతం సైకాలజీ, 30 శాతం సోషియాలజీ, 5 శాతం జీవశాస్త్రం.

మన వైపు ఇంటర్మీడియట్‌లో బైపీసీ చదివి ఇక్కడికి వచ్చిన నాలాంటి వారికి ఈ సెక్షన్ పూర్తిగా కొత్త. నీట్‌లో గాని, ఎంసెట్‌లో గాని మనస్తత్వ శాస్త్రం ఊసే ఉండదు. సమాజ శాస్త్రమంటే పదో తరగతితో వదిలేసిన సోషల్ పుస్తకమే గుర్తుకు వస్తుంది. కెమిస్ట్రీ, బయాలజీ సెక్షన్లలో పాత చదువు ఎంతో కొంత ఆదుకుంటుంది గాని, ఇక్కడ దుర్ఖైమ్, గాఫ్‌మన్, బోర్దియూ అనే సమాజ శాస్త్రవేత్తల పేర్లన్నీ ఒక్కసారే పరిచయమవుతాయి. నేను ట్యూటర్‌ను వెతకడానికి ఆ భయమే కారణం. అయితే తెలియని పేర్లను పరిచయం చేసుకోవడానికి ట్యూటర్ అక్కరలేదని మొదటి నెలలోనే అర్థమైంది. ఏఏఎంసీ సహకారంతో ఖాన్ అకాడమీ తయారు చేసిన వీడియోలు ఉచితంగా దొరుకుతాయి. ఏ అంశాలు పరీక్షకు వస్తాయో చెప్పే పూర్తి పట్టికను ఏఏఎంసీ తన వెబ్‌సైట్‌లోనే పెట్టింది. పదాలు గుర్తు పెట్టుకోవడానికి ఆంకీ అనే యాప్‌లో ఫ్లాష్‌కార్డులున్నాయి. ఇవన్నీ ఉండగా, సంస్థ ఇచ్చిన స్లైడ్లను ట్యూటర్ తెర మీద పెట్టి మనిషి ఎదుగుదల గురించి మనస్తత్వ శాస్త్రవేత్తలు పియాజే, ఎరిక్సన్ చెప్పిన దశలను చదివి వినిపిస్తుంటే, గంటకు నూరు డాలర్లకు పైబడి నేను దేనికి కడుతున్నానో నాకే తెలియలేదు.

ట్యూటర్ సైకాలజీలో డిగ్రీ చేసి, ఆ తర్వాత వైద్య కళాశాలలో చేరిన విద్యార్థిని. (ఇక్కడ పేరు పెట్టి పిలవడమే మర్యాద అయినా నాకు చాలా కాలం నోరు రాలేదు, నేను మేడమ్ అన్న ప్రతిసారీ ఆమె నవ్వేవారు.) స్లైడ్లు వద్దని, ప్రశ్నలతోనే గంట గడుపుదామని అడిగాను. ఆమె వెంటనే ఒప్పుకున్నారు. ఆ తర్వాత నుంచి సెషన్ నడిచిన తీరు ఇది: నేను ముందు రోజు చేసిన ప్రశ్నల్లో తప్పు పోయినవీ, సరిగా వచ్చినా అనుమానంతో గుర్తించినవీ ఆమెకు పంపేవాణ్ణి. సెషన్‌లో ఆమె సరైన జవాబు గురించి అడిగేవారే కాదు. మిగిలిన మూడు ఆప్షన్లలో ఒక్కొక్కటీ ఏ పరిస్థితిలో సరైన జవాబు అయ్యేదో చెప్పమనేవారు. చెప్పలేకపోతే ఆ పదం నాకు రాదని లెక్క, నిర్వచనం ఎంత బాగా అప్పజెప్పినా సరే.

దీని వల్ల కలిగే లాభం ఒక ఉదాహరణతో తెలుస్తుంది. ఒక ప్యాసేజ్‌లో ఒక వర్గం పిల్లలకు లెక్కల్లో మార్కులు తగ్గాయని ఉంటుంది. ఆప్షన్లలో మూసభావన బెదురు, స్వయంసిద్ధ జోస్యం రెండూ ఉంటాయి. పరీక్షలో స్టీరియోటైప్ థ్రెట్, సెల్ఫ్ ఫుల్‌ఫిల్లింగ్ ప్రాఫెసీ అని కనిపించేవి ఇవే. రెండింటిలోనూ చివరికి మార్కులు తగ్గుతాయి కాబట్టి నిర్వచనాలు మాత్రమే చదివిన వారు తడబడతారు. తన వర్గం గురించి లోకం అనుకునేది పరీక్షకు ముందు గుర్తుకొచ్చి, ఆ ఆందోళనలో విద్యార్థే వెనకబడితే అది మొదటిది. ఈ పిల్లలకు లెక్కలు రావని టీచరు ముందే నమ్మి, వారిని ప్రశ్నలు అడగడం మానేసి, ఆ నమ్మకాన్ని తన ప్రవర్తన ద్వారానే నిజం చేస్తే అది రెండోది. మార్పుకు మూలం ఎవరి మనసులో ఉంది, మధ్యలో ఎవరి ప్రవర్తన మారింది అని వెతకాలి. ఇలాంటి జంటలు ఈ సెక్షన్‌లో చాలా ఉన్నాయి: నెగటివ్ రీఇన్‌ఫోర్స్‌మెంట్–శిక్ష, గ్రూప్ పోలరైజేషన్–గ్రూప్‌థింక్, ప్రోయాక్టివ్–రెట్రోయాక్టివ్ ఇంటర్‌ఫియరెన్స్. చివరి జంటను ఆమె నా చేతనే చెప్పించారు. హైదరాబాద్‌లో ఎడమ వైపు బండి నడిపిన అలవాటు ఇక్కడ కుడి వైపు నడపడం నేర్చుకునేటప్పుడు అడ్డం పడితే ప్రోయాక్టివ్, ఇక్కడి అలవాటు పట్టుబడ్డాక అక్కడి పద్ధతి మరిచిపోతే రెట్రోయాక్టివ్. మళ్ళీ ఎప్పుడూ ఆ రెండూ కలగాపులగం కాలేదు.

సోషియాలజీలో ఆమె పద్ధతి ఇంకా బాగుంది. ఫంక్షనలిజం, కాన్‌ఫ్లిక్ట్ థియరీ, సింబాలిక్ ఇంటరాక్షనిజం అనే మూడు దృక్పథాలు పరీక్షలో పదే పదే తగులుతాయి. నాకు బాగా తెలిసిన ఏదైనా ఒక విషయాన్ని తీసుకుని మూడు దృక్పథాల నుంచీ వివరించమన్నారు. నేను మా ఊళ్ళో తెలుగు సంఘం జరిపే ఉగాది వేడుకను తీసుకున్నాను. చెల్లాచెదురుగా ఉన్న కుటుంబాలను ఒక చోట చేర్చి, మనమంతా ఒకటన్న భావాన్ని నిలబెట్టడం ఫంక్షనలిజం చూసే కోణం. అక్కడే పెళ్ళి సంబంధాలూ ఉద్యోగాల కబుర్లూ కుదరడం సమాజ శాస్త్రవేత్త మెర్టన్ చెప్పిన లేటెంట్ ఫంక్షన్, అంటే ఎవరూ ఉద్దేశించకుండానే నెరవేరే ప్రయోజనం అని ఆమె కలిపారు. సంఘం పదవులు ఎవరికి దక్కుతున్నాయి, వేదిక మీద ఎవరు కూర్చుంటున్నారు, ఎవరి మాట చెల్లడం లేదు అని అడిగితే కాన్‌ఫ్లిక్ట్ థియరీ. ఇక్కడే పుట్టిన పిల్లలకు ఉగాది పచ్చడి అంటే ఏమిటి, వాళ్ళు దాన్ని తింటూ ఒకరితో ఒకరు ఏ అర్థాన్ని తయారు చేసుకుంటున్నారు అంటే సింబాలిక్ ఇంటరాక్షనిజం. పుస్తకంలో అరడజను సార్లు చదివినా రానిది ఒక్క గంటలో వచ్చింది. నన్నడిగితే ఈ ట్యూషన్ మొత్తంలో అత్యంత విలువైన గంట అదే.

వైద్యులు కాబోయే వారికి ఈ చదువు దేనికని విసుక్కునే వారు మన వాళ్ళలో చాలా మంది ఉన్నారు. రోగి మందులు వేసుకోకపోతే అతని బద్ధకమే కారణమనుకుని, మందుల షాపు ఎంత దూరంలో ఉందో, జేబులో ఎంత ఉందో ఆలోచించని డాక్టరు చేసేది ఫండమెంటల్ ఆట్రిబ్యూషన్ ఎర్రర్ అని తెలిశాక నేను విసుక్కోవడం మానేశాను.

ఇక లోపాలు. మొదటిది, గ్రాఫులూ పరిశోధన పద్ధతులూ. ఏఏఎంసీ లెక్క ప్రకారం ఈ సెక్షన్‌లో కేవలం జ్ఞానాన్ని గుర్తు తెచ్చుకుంటే సరిపోయే ప్రశ్నలు 35 శాతమే. 45 శాతం ఆలోచించి అన్వయించేవి, పరిశోధన రూపకల్పన మీద 10 శాతం, దత్తాంశాల విశ్లేషణ మీద 10 శాతం. ఈ చివరి ఇరవై శాతం దగ్గర నా ట్యూటర్ బలహీనంగా ఉండేవారు. పాల్గొన్న వారిని యాదృచ్ఛికంగా గుంపులుగా విడదీయని అధ్యయనం నుంచి కారణం–ఫలితం తేల్చకూడదన్నంత వరకు బాగానే చెప్పేవారు గాని, కారణానికీ ఫలితానికీ మధ్య వారధిగా ఉండే మీడియేటర్ వేరియబుల్‌కూ, ఆ సంబంధం బలాన్ని మార్చే మాడరేటర్‌కూ తేడా అడిగితే మాట మార్చి తర్వాతి ప్రశ్నకు వెళ్ళేవారు. మధ్యలో ఆమెకు కళాశాలలో పని పెరిగి సంస్థ కొద్ది వారాల పాటు మరో ట్యూటర్‌ను కేటాయించింది. ఆయన స్టాటిస్టిక్స్ తెలిసిన మనిషి. ప్యాసేజ్ చదవక ముందే పట్టికను చూసి, ఏది మార్చారు, ఏది కొలిచారు, ఏ తేడా లెక్కలోకి వస్తుంది అని మూడు ముక్కల్లో రాయించేవారు. ఆ మూడు ముక్కలు రాశాక ప్యాసేజ్ సగం చదివినట్టే ఉండేది. ఒకే ప్యాకేజీలో ఇద్దరి దగ్గరా నేర్చుకునే వీలు సంస్థ తనంతట తానే కల్పిస్తే బాగుండేది. నాకు అది యాదృచ్ఛికంగా దొరికింది.

రెండోది, సంస్థ సొంతంగా తయారు చేసిన ప్రాక్టీస్ టెస్టులు. అందులో ఎక్కడా వినని పదాలను వెతికి అడుగుతారు. అసలు పరీక్ష తెలిసిన పదాన్నే తెలియని సందర్భంలో పెట్టి అడుగుతుంది. ఈ రెండు రకాల కష్టాలకూ సంబంధం లేదు. ఏఏఎంసీ అమ్మే సెక్షన్ బ్యాంకు ప్రశ్నలూ దాని పూర్తి నిడివి పరీక్షలూ ముందుంచుకుని సెషన్ నడపమని ట్యూటర్‌ను అడగడం మేలు. సంస్థ టెస్టులో తక్కువ వచ్చిందని దిగులు పడనక్కరలేదు.

మూడోది డబ్బు వ్యవహారం. ఇరవై నాలుగు గంటల ముందు చెప్పకుండా సెషన్ రద్దు చేసుకుంటే ఆ గంట మన ఖాతా నుంచి పోతుంది. ట్యూటర్ ఆఖరి నిమిషంలో రద్దు చేస్తే మాత్రం క్షమించమని ఒక మెయిల్ వస్తుంది, అంతే. ఈ షరతు ఒప్పందంలో రాసే ఉంది గాని అమ్మేటప్పుడు ఫోన్‌లో మాట్లాడిన వ్యక్తి చెప్పలేదు.

పరీక్ష గదిలో ఉపయోగపడిన విషయాలు రెండున్నాయి. ఈ సెక్షన్ మొదలయ్యే సరికి, విరామాలతో కలిపి, పరీక్ష మొదలై సుమారు ఐదున్నర గంటలు గడిచి ఉంటాయి. అందుకని పూర్తి నిడివి టెస్టు రాసిన రోజు సాయంత్రమే సెషన్ పెట్టమని ట్యూటర్ సూచించారు. అలసిన బుర్రతో ఎలాంటి పొరపాట్లు వస్తాయో, ముఖ్యంగా ప్రశ్నలోని ‘తప్ప’ అన్న మాటను కన్ను ఎలా దాటేస్తుందో అప్పుడే బయటపడేది. రెండోది, ఎమ్‌క్యాట్‌లో తప్పు జవాబుకు మార్కు కోత లేదు. నీట్‌లో తప్పుకు ఒక మార్కు పోతుంది కాబట్టి అనుమానం ఉన్న ప్రశ్నను వదిలేయడం మనకు చిన్నప్పటి నుంచీ నూరిపోసిన జాగ్రత్త. ఇక్కడ ఒక్క ప్రశ్నను ఖాళీగా వదిలినా నష్టమే. ఈ అలవాటు మార్పించడానికి ఆమె నా చేత సమయం పెట్టి చేయించిన ప్రతి ప్యాసేజ్‌లోనూ జవాబు గుర్తించాకే ముందుకు కదలనిచ్చేవారు.

మొదటి ప్రాక్టీస్ టెస్టులో ఈ సెక్షన్‌కు 123 వచ్చింది, అసలు పరీక్షలో 129. ఈ పెరుగుదల మొత్తం ట్యూషన్ వల్లేనని చెప్పలేను. ఆంకీ కార్డులను రోజూ తిప్పకపోతే సెషన్‌లో మాట్లాడడానికి నా దగ్గర ముడిసరుకే ఉండేది కాదు. కళాశాలలో సైకాలజీ, సోషియాలజీ కోర్సులు తీసుకున్న వారికీ, తమ తప్పులను తామే నిర్దాక్షిణ్యంగా రాసుకోగల వారికీ ఈ ఖర్చు అనవసరం. స్కోరు మూడు నాలుగు టెస్టులుగా ఒకే చోట ఆగిపోయిన వారికి, నిర్వచనాలన్నీ వచ్చినా రెండు ఆప్షన్ల మధ్య ఎప్పుడూ తప్పు వైపే ఒరిగే వారికి, కొద్ది గంటలు కొనుక్కోమని చెబుతాను. పెద్ద ప్యాకేజీ వద్దు. డబ్బు కట్టే ముందు ట్యూటర్‌కు ఈ సెక్షన్‌లో వచ్చిన స్కోరును అడగండి. దానితో పాటు ఏఏఎంసీ ప్యాసేజ్ ఒకటి, గ్రాఫు ఉన్నది చూసి ఇచ్చి, పావుగంట దాని మీద మాట్లాడమనండి. స్లైడ్లు తెరిచే ట్యూటర్ అయితే ఆ పావుగంటలోనే తెలిసిపోతుంది.

నా ప్యాకేజీలో మిగిలిన గంటలకు డబ్బు వాపసు ఇవ్వబోమన్నారు గాని మరో సెక్షన్‌కు మార్చుకోనిచ్చారు. వాటిని చదివి అర్థం చేసుకునే సెక్షన్ అయిన కార్స్‌కు మార్చుకున్నాను.