పాత కార్డు, కొత్త కంప్యూటర్: మనం చదివినవి ఎక్కడ గుట్టుగా ఉంటాయి?

లైబ్రరీల్లో పాత బ్రౌన్ పద్ధతి గుర్తుందా? పుస్తకంలోని చిన్న కార్డు తీసి, మన పేరున్న, జేబులా ఉండే టికెట్‌లో దూర్చి, గడువు తేదీ ప్రకారం ట్రేలో నిలబెట్టేవారు. పుస్తకం తిరిగివ్వగానే ఆ రెండూ విడిపోయేవి, టికెట్ మన చేతికొచ్చేది. ఎవరు ఏం చదివారో ఇక జాడ మిగిలేది కాదు. నాకు నచ్చింది అదే.

ఇప్పుడు లైబ్రరీ పనులు నడిపే కోహా లాంటి సాఫ్ట్‌వేర్‌తో వెతకడం, రెన్యూవల్ తేలిక. కానీ ఎవరు ఏం తీసుకున్నారన్న పాత వివరాలు తుడిచేలా అమర్చకపోతే ఏళ్ల తరబడి అలాగే పడి ఉంటాయి. జబ్బు గురించో, విడాకుల చట్టం గురించో మనం చదివిన సంగతి కౌంటర్లో ఎవరైనా చూడొచ్చంటే టెన్షనే కదా! అయితే తాను చదివిన పుస్తకాల వివరాలు ఉంచొద్దని పాఠకుడే చెప్పుకునే సెట్టింగ్ కోహాలోనే ఉంది, లైబ్రరీ దాన్ని తెరవాలంతే. కంప్యూటరే ఉండాలంటాను, ఆ సెట్టింగ్ ఆన్ చేశాకే.