పుదుపేటలో ఎంజీబీ గేర్ రాడ్డు కోసం

పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కార్లు ఉన్నవారికి చెన్నై పుదుపేటలోని ఈ చిన్న విడిభాగాల దుకాణాన్ని నిస్సంకోచంగా సూచిస్తాను. అలాంటి కారే అయిన నా ఎంజీబీకి గేర్ రాడ్డు కావాలనగానే యజమాని ముందు బండి ఏ సంవత్సరానిదో అడిగారు, నాకు నమ్మకం కలిగింది అక్కడే. 1962లో వచ్చిన ఎంజీబీ మొదటి గేరుకు సింక్రోమెష్ (గేరు గీసుకోకుండా సాఫీగా పడేలా చేసే ఏర్పాటు) లేదు. 1967 చివర్లో నాలుగు గేర్లకూ సింక్రోమెష్ ఉన్న వేరే గేర్‌బాక్స్ వచ్చింది కనుక, చూడటానికి ఒకేలా ఉన్నా ఒకదాని రాడ్డు మరొకదానికి సరిపోతుందని అనుకోకూడదు. 1977 మోడల్ నుంచి, ఇంజిన్ వేగం తగ్గించి నడిపే అదనపు గేరు లాంటి ఓవర్‌డ్రైవ్ స్విచ్ గేర్ నాబ్‌లోకే చేరడంతో, అలాంటి బండ్లకు తీగ వెళ్లే వీలున్న రాడ్డే కావాలి.

ఆయన నా రాడ్డు పొడవు, వంపు, పైనున్న మరలు కొలిచి, తన దగ్గరున్నది పనికిరాదని తేల్చి, అరిగిన బుష్ (రాడ్డు వదులుగా ఆడకుండా పట్టి ఉంచే చిన్న తొడుగు) మాత్రమే మార్చారు. మజూరీ కాస్త ఎక్కువే, అయినా న్యాయమే. వెళ్లేటప్పుడు పాత రాడ్డు తప్పక వెంట తీసుకెళ్లండి.