క్లిక్కులు తిప్పే స్కోప్ కొంటున్నారా? డబ్బు పంపే ముందు ఒక్కసారి ఇది చదవండి

ఎయిర్ రైఫిల్‌కి స్కోప్ (గురి చూసే దుర్బిణి) కొనాలని చూస్తున్న తిరుపతి, చిత్తూరు వైపు మిత్రులకి ఈ హెచ్చరిక. రూ.18,500 పెట్టి నేను మోసపోయాను. అమ్మినవాడి పేరు రాయడం లేదు. ఒక పేరు మానేస్తే ఇంకో పేరుతో రావడానికి వాళ్లకి ఎంతసేపు? సరుకును పరీక్షించుకునే పద్ధతి తెలిస్తే ఏ పేరుతో వచ్చినా దొరికిపోతాడు.

నాది 4.5 మి.మీ. పీసీపీ రైఫిల్, అంటే ముందే ఎక్కించిన గాలి ఒత్తిడితో కాల్చేది. దెబ్బ శక్తి 20 జౌల్స్ లోపే కాబట్టి 2016 ఆయుధ నిబంధనల ప్రకారం లైసెన్స్ అక్కర్లేదు. చంద్రగిరి దాటాక మా బావ వాళ్ల మామిడితోట ఉంది. బావి తవ్వినప్పుడు పోసిన మట్టి పెద్ద దిబ్బలా ఉంటే, దాని ముందు కాగితాలు కట్టి ఆదివారం పొద్దున్నే కాలుస్తాను. తొమ్మిది దాటితే గాలి మొదలవుతుంది, ఇక పెల్లెట్ (చిన్న గుండు) మన మాట వినదు. (పక్కతోట పెద్దాయన కనపడినప్పుడల్లా "ఊరికే కాగితాలు కాల్చే బదులు ఆ నెమళ్లని తోలరాదా నాయనా" అంటాడు. 1972 వన్యప్రాణి చట్టం గురించి ఆయనకి రెండుసార్లు చెప్పాను. మూడోసారి నుంచి నవ్వి ఊరుకుంటున్నాను.)

పెద్ద రైఫిళ్ల వాళ్లు లాంగ్ రేంజ్ అంటే వెయ్యి మీటర్లు అంటారు. మన చిన్న పెల్లెట్‌కి 80 మీటర్లే లాంగ్ రేంజ్, తలనొప్పి మాత్రం ఒకటే. నా రైఫిల్‌ని 30 మీటర్లకి జీరో చేస్తే, అంటే అక్కడ గురిపెట్టినచోటే తగిలేలా స్కోప్ సర్దితే, 50 మీటర్ల దగ్గర పెల్లెట్ 7 సెం.మీ. కిందకి పడుతుంది. 80 దగ్గర దాదాపు 38 సెం.మీ., అంటే మూరకి కాస్త తక్కువ. ఆ తేడా సర్దుకోవడానికి రెండు దారులు. స్కోప్ పైన టరెట్ అనే చక్రం ఉంటుంది, దాన్ని లెక్కప్రకారం తిప్పి (డయల్ చేయడం అంటే ఇదే), నడిమి క్రాస్‌తోనే గురిపెట్టడం ఒకటి. టరెట్ ముట్టకుండా, రెటికిల్‌లో (అద్దంలో కనిపించే గురి గీతల్లో) కిందున్న చుక్కని లక్ష్యం మీద పెట్టి కాల్చడం రెండోది, దాన్నే హోల్డ్‌ఓవర్ అంటారు. మొదటిదానిలో గురి కచ్చితంగా ఉంటుంది, కానీ నిదానం. పైగా తిప్పింది వెనక్కి తేవడం మర్చిపోతే తర్వాతి దెబ్బ ఎక్కడికో పోతుంది. రెండోది చిటికెలో అయిపోతుంది, కానీ రెండు చుక్కల మధ్య అయితే అందాజాగా పెట్టుకోవాల్సిందే.

నేను కొన్నది 4–16 జూమ్ స్కోప్. వీడియోలో వాడు టరెట్ తిప్పుతుంటే టక్ టక్‌మని గడియారంలా శబ్దం. "డయల్ చేసుకోండి, హోల్డ్ చేసుకోండి, మీ ఇష్టం అన్నా. ఏ జూమ్‌లోనైనా చుక్కలు కరెక్ట్" అన్నాడు. ఆ చివరి మాట గుర్తుపెట్టుకోండి. నచ్చకపోతే వారంలో వాపసు అన్నాడు. యూపీఐలో పంపేశాను. బిల్లు పార్శిల్‌లోనే పెడతానన్నాడు. పార్శిల్ వచ్చింది గానీ అందులో బిల్లు లేదు.

బిగించి, 30 మీటర్లకి జీరో చేశాను. అద్దం బాగుంది, అబద్ధం ఎందుకు చెప్పాలి. 80కి లెక్క 16 ఎంఓఏ (కోణం కొలత, డిగ్రీలో అరవయ్యో వంతు) పైచిలుకు. ఒక్కో క్లిక్ పావు ఎంఓఏ కాబట్టి 65 క్లిక్కులు. తిప్పి కాల్చాను. అయిదు పెల్లెట్లూ నాలుగు సెం.మీ. కింద. సరే, శ్వాస సరిగ్గా పట్టలేదేమో అనుకున్నాను. టరెట్ వెనక్కి తెచ్చి 30 దగ్గర కాలిస్తే, ఇందాక ఒకే రంధ్రంలో పడినవి ఇప్పుడు 9 మి.మీ. పైన! ఒకే రంధ్రంలో వేసే రైఫిల్‌కి 30 మీటర్లలో 9 మి.మీ. తేడా ఊరికే రాదు. మౌంట్ (స్కోప్‌ని రైఫిల్‌కి పట్టి ఉంచే రింగులు) బిగించి చూశాను. పెల్లెట్ డబ్బా మార్చాను. రెండు ఆదివారాలు, రెండు డబ్బాలు ఖర్చయ్యాయి. ఇంట్లో "ఆదివారం ఒక్కరోజు కూడా ఇంటిపట్టున ఉండవు" అన్న మాట అదనం.

సరే డయల్ వద్దు, హోల్డ్ చేద్దామని టరెట్ జీరోలో పెట్టేశాను. 80కి నాలుగు చుక్కలు దాటి, అయిదో చుక్కకి కాస్త ముందు పెట్టాలి. ఎండకి కాగితం అలలుగా కనిపిస్తుంటే జూమ్ 8కి తగ్గించి కాల్చాను. పెల్లెట్ కాగితం దాటి పైన దిబ్బలో మట్టి రేపింది. మళ్లీ కాలిస్తే మళ్లీ అక్కడే. బావ వెనకనుంచి "కాగితం కింద ఉంది, అబ్బోడా" అన్నాడు.

అప్పుడు తోట మానేసి మిద్దె ఎక్కాను. ఈ పరీక్షకి రైఫిల్ అక్కర్లేదు, పెల్లెట్ అక్కర్లేదు. నేను ఆలస్యంగా చేశాను, మీరు మొదటి రోజే చేయండి.

పాత క్యాలెండర్ల వెనకవైపు కాగితాలు అతికించి మీటరు పొడవు చేశాను. మేస్త్రీలు వేలాడేసే దారం గుండు పెట్టి నిలువు గీత గీశాను, వంకర ఉంటే పరీక్షే దండగ. సెంటీమీటరుకో చిన్న గీత, అయిదింటికో పెద్ద గీత. మా మిద్దెకి ఎదురుగా ఉన్న పెద్దనాన్న గారి గోడకి దాన్ని అంటించి, దూరం టేపుతో సరిగ్గా 50 మీటర్లు కొలిచాను. అడుగులతో కొలవొద్దు. స్కోప్‌ని గుడ్డ చుట్టి బెంచ్ వైస్‌లో కదలకుండా బిగించి, క్రాస్‌ని కాగితం ఒక చివరనున్న గీత మీద పెట్టాను. (ఎదురింటి వాళ్లకి ముందే చెప్పండి. మిద్దె మీద స్కోప్ పెట్టుకుని కూర్చున్న మగాడిని వీధిలో ఎవరూ మంచిగా అనుకోరు. నాకు సంజాయిషీ ఇచ్చుకోవడానికి అరగంట పట్టింది.)

50 మీటర్ల దగ్గర ఒక ఎంఓఏ అంటే దాదాపు 1.45 సెం.మీ. 120 క్లిక్కులు తిప్పితే 30 ఎంఓఏ, అంటే క్రాస్ 43.6 సెం.మీ. జరగాలి. పైకో కిందకో ఏదైనా సరే, జరిగిన దూరమే ముఖ్యం. నాది 39 దగ్గర ఆగింది. పదో వంతు కన్నా ఎక్కువే మాయం. 80 దగ్గర నాలుగు సెం.మీ. కింద పడటానికి కారణం అదే, నా శ్వాస కాదు. 120 క్లిక్కులు వెనక్కి తిప్పితే క్రాస్ మొదలుపెట్టిన గీతకి రాలేదు, ఒకటిన్నర సెం.మీ. దూరంలో నిలిచింది. ఇంకోసారి చేస్తే ఇంకోచోట. ఎప్పుడూ పదో వంతే తక్కువ తిరిగితే లెక్కలో సర్దుకోవచ్చు, దానితో బతకొచ్చు. వెనక్కి రాని టరెట్‌తో మాత్రం ఎవరూ ఏమీ చేయలేరు. టక్ టక్ శబ్దం బయటి చక్రానిది. లోపలున్న గొట్టం దానితో సమానంగా కదిలిందో లేదో చెవికి తెలియదు.

ఇక చుక్కల సంగతి. చుక్కకీ చుక్కకీ మధ్య ఒక మిల్. ఒక మిల్ అంటే 100 మీటర్ల దగ్గర 10 సెం.మీ., 50 దగ్గర 5. జూమ్ 16లో చూస్తే సందు సరిగ్గా అయిదు గీతలు కప్పింది. 8కి తగ్గించగానే అదే సందు పది గీతలు కప్పింది! ఫస్ట్ ఫోకల్ ప్లేన్ అయితే జూమ్‌తోపాటు రెటికిల్ కూడా పెరిగి తగ్గుతుంది, కొలత మారదు. ఇది సెకండ్ ఫోకల్ ప్లేన్, కొలత ఒక్క జూమ్‌లోనే నిజం. నేను 8లో పెట్టిన ప్రతి చుక్కా రెండు చుక్కలైంది, అందుకే పెల్లెట్ మూరెడు పైకి పోయింది. సెకండ్ ఫోకల్ ప్లేన్ స్కోప్ చెడ్డదేం కాదు, చాలామంది హాయిగా వాడుకుంటారు. "ఏ జూమ్‌లోనైనా కరెక్ట్" అని అమ్మడమే మోసం.

ఇంకో మెలిక నేనే చూసుకోలేదు, తప్పు నాదే. చుక్కలు మిల్‌లో ఉన్నాయి, టరెట్ ఎంఓఏలో. ఒక మిల్ అంటే దాదాపు 3.44 ఎంఓఏ. "ఒక చుక్క కింద పడింది" అని కనపడితే ఎన్ని క్లిక్కులు తిప్పాలి? పద్నాలుగు. కన్ను స్కోప్‌లో, వేలు టరెట్ మీద, నోట్లో ఎక్కాలు. రెండూ మిల్ గానీ, రెండూ ఎంఓఏ గానీ ఉన్నదే కొనండి.

కొలతల ఫొటోలు పంపితే వాడు మొదట "మౌంట్ టైట్ చేయండి" అన్నాడు. తర్వాత "పెల్లెట్ మార్చండి". అలా ఒకటి తర్వాత ఒకటి చెబుతూ వారం దాటించేశాడు. చివరికి "బాడీ మీద రింగుల మరకలు పడ్డాయి, వాపసు కుదరదు అన్నా". జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాను. బిల్లు ఏదని అడిగితే యూపీఐ స్క్రీన్‌షాట్ తప్ప నా దగ్గర ఏముంది? ఇప్పటిదాకా పైసా రాలేదు. కాబట్టి బిల్లు చేతికి రాకముందు డబ్బు వద్దు, మిద్దె మీద పరీక్ష అవ్వకముందు రింగులు బిగించడం వద్దు.

నా సొంత అభిప్రాయం అడిగితే, పోటీలకి వెళ్లి ప్రతి దూరానికీ డయల్ చేసే ఉద్దేశం ఉంటేనే మంచి టరెట్ కోసం డబ్బు పెట్టండి. తోటలో సరదాకైతే హోల్డ్‌ఓవర్ చాలు. గాలికి ఎలాగూ చాలామంది పక్కకి హోల్డ్ చేసేవాళ్లే. నా స్కోప్ ఇప్పుడు అలాగే వాడుతున్నాను. టరెట్ మూతకి టేపు, జూమ్ చక్రానికి 16 దగ్గర ఇంకో టేపు, బట్ (రైఫిల్ భుజానికి ఆనే భాగం) మీద ఏ దూరానికి ఎన్ని చుక్కలో రాసిన చీటీ. "ఎవరికైనా సగం ధరకి అంటగట్టెయ్" అని బావ పోరుతున్నాడు. అంటగట్టను.

మొన్న చిత్తూరు నుంచి తెలిసిన ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. అదే వీడియో, అదే టక్ టక్, ధర మాత్రం వెయ్యి తగ్గించాడట. నేను తమ్ముడికి ఒక్కటే చెప్పాను. గీతల కాగితం ముందు స్కోప్ బిగించి, 120 క్లిక్కులు పైకి, 120 కిందకి తిప్పుతూ అద్దంలోంచి తీసిన వీడియో పంపమని అడుగు, పంపితేనే డబ్బు కట్టు. అడిగాడు. నీలం టిక్కులు పడ్డాయి, జవాబు మాత్రం ఇంకా రాలేదు.