ఆరేళ్ళ తర్వాత నా టూరింగ్ సైకిల్: 22 పళ్ళ చిన్న రింగు గురించి

2019లో ఈ సైకిల్ కొన్న రోజు షాపులో కుర్రాడు పెడల్ దగ్గర చైను తిరిగే మూడు పళ్ళ రింగుల్లో అన్నిటికన్నా చిన్నదాన్ని వేలితో చూపించి, "ఇది మీకు ఎప్పుడూ అవసరం పడదు మేడం, మన హైదరాబాద్ చుట్టూ అన్ని ఘాట్లు ఎక్కడున్నాయి" అన్నాడు. ముందు ఒకటే రింగు ఉండే మోడల్ తీసుకోమని, అది తేలిగ్గా ఉంటుందని, గేర్ల గందరగోళం ఉండదని చాలాసేపు చెప్పాడు. పాత పద్ధతిలో మూడు రింగులున్న ఈ స్టీలు సైకిలే తీసుకున్నాను. అప్పటికే కుడి మోకాలు నొప్పి మొదలైంది, కారణం అంతే. ఇప్పటికి పదకొండు వేల కిలోమీటర్లు దాటింది. సీటు మారింది, టైర్లు మూడుసార్లు మారాయి, చైను ఎన్నిసార్లు మార్చానో లెక్క లేదు. ఈ సైకిల్ మీద నాకున్న ప్రేమంతా ఆ అవసరం పడదన్న రింగు మీదే.

ఫ్రేము, బరువు, బ్రేకుల సంగతులు ఎక్కడైనా దొరుకుతాయి కాబట్టి వదిలేస్తున్నాను. ముందు 22 పళ్ళు, వెనక 34 పళ్ళు మీద చైను వేస్తే పెడల్ ఒక చుట్టు తిరిగినా సైకిల్ మీటరున్నర కూడా కదలదు. నిమిషానికి అరవై చుట్లు తొక్కితే గంటకు ఐదు కిలోమీటర్లు, అంటే నడక వేగమే. దానికి బదులుగా ఎత్తు ఎక్కేటప్పుడు కాలు తేలిగ్గా తిరుగుతుంది. వేగం లెక్కలు వేసుకునేవాళ్ళకు ఇది వృథాగా కనిపిస్తుంది. నాకు మాత్రం ఖాళీ రోడ్లు చూపించింది ఇదే.

ఎందుకంటే హైవే గుట్టను కోసుకుంటూ పోతుంది. ఊరి రోడ్డు అలా కాదు, గుట్ట ఎక్కి దిగుతుంది. లారీలు, బస్సులు, వీకెండు కార్లు అన్నీ కోసిన రోడ్డు మీదే ఉంటాయి. ఎక్కడానికి గేరు లేనివాళ్ళు సైకిల్ మీద కూడా ఆ రోడ్డే పట్టుకుంటారు, నేనూ మొదటి రెండు నెలలు అదే చేశాను. వనస్థలిపురం నుంచి విజయవాడ హైవే మీద చౌటుప్పల్ దాకా పోయి రావడం, ఇంటికి వచ్చాక కూడా చెవుల్లో హారన్లు మోగడం. ఒకసారి చేవెళ్ళ వైపు మర్రిచెట్ల రోడ్డుకూ వెళ్ళాను. ఆ చెట్ల నీడ గురించి ఎంత చెప్పినా తక్కువే, కానీ వెనక నుంచి వచ్చే బండ్ల టెన్షన్‌తో తలెత్తి ఒక్క మర్రిని కూడా సరిగ్గా చూడలేకపోయాను.

తర్వాత పోచంపల్లికి హైవే వదిలేసి ఊళ్ళ మీదుగా వెళ్ళడం మొదలుపెట్టాను. తెల్లవారుజామున బయల్దేరితే దారిలో పాలబండ్లు, గొర్రెల మందలు, పొలానికి పోయే ఒకటో రెండో మోటార్‌సైకిళ్ళు తప్ప ఏమీ ఉండవు. చిన్న చిన్న ఎత్తులు వస్తూనే ఉంటాయి. లివరు ఒకసారి నొక్కితే చైను టక్కున చిన్న రింగు మీద పడుతుంది, మోకాలి మీద బరువు పోతుంది. తలెత్తి చుట్టూ చూడడానికి తీరిక దొరుకుతుంది.

వినోబా భావే 1951 ఏప్రిల్ 18న ఈ పోచంపల్లికి నడిచే వచ్చారు. భూమి లేని దళిత కుటుంబాలు తమకు భూమి కావాలని అడిగితే ఆ ఊరి భూస్వామి వెదిరె రామచంద్రారెడ్డి వంద ఎకరాలు ఇస్తానని లేచారు. భూదానోద్యమం అక్కడే పుట్టింది. కారులో వచ్చినప్పుడు ఇదంతా నాకు బోర్డు మీది సమాచారం మాత్రమే. ఎండలో ముప్పై కిలోమీటర్ల పైచిలుకు తొక్కి ఊరి మొదట్లో చెట్టు కింద నీళ్ళు తాగుతున్నప్పుడు, అంత దూరం నుంచి నడిచి వచ్చిన మనిషి ఏ ఎత్తు దగ్గర ఆగి ఉంటాడో అని ఆలోచన వచ్చింది.

ఆ ఊళ్ళోనే ఒక అరుగు మీద చూసింది మర్చిపోలేను. చట్రానికి బిగించిన నూలుకు ఒక పెద్దావిడ నల్లటి సన్నని పట్టీలతో ముడులు వేస్తోంది. ఇక్కత్‌లో నేత కన్నా ముందే, నూలు మీదే రంగుల లెక్క అయిపోతుంది. కట్టు కట్టిన చోట రంగు ఎక్కదు. ఆగి దగ్గరికి వెళ్ళి చూస్తే ఆ పట్టీలు పాత సైకిల్ ట్యూబును సన్నగా కోసినవి. "నీ దగ్గర పాడైన ట్యూబులుంటే పారెయ్యకు బిడ్డా, తెచ్చియ్యి" అంది. అప్పటి నుంచి పంక్చర్లు ఎక్కువై పనికిరాకుండా పోయిన ట్యూబులన్నీ ఒక సంచిలో దాచి ఆమెకే ఇస్తున్నాను.

మొదటి ఏడాది నేను అందరికీ చెప్పిన మాట ఒకటుంది: ఈ సైకిల్ ఉంటే ఏ ఎత్తు దగ్గరా దిగి నెట్టే పని లేదని. అనంతగిరి దాకా అది నిజమే. వికారాబాద్ నుంచి పైకి, మూసీ పుట్టే ఆ గుట్టల దాకా, చెట్ల మధ్య మలుపులన్నీ కూర్చునే ఎక్కాను. కానీ అది తారు రోడ్డు. వెనక రెండు సంచులు కట్టుకుని కంకర బాట మీద ఎక్కితే అంత నెమ్మది వేగంలో హ్యాండిల్ నిలవదు, వెనక చక్రం జారుతుంది. రాచకొండ లోపలి బాటలో ఇప్పటికీ రెండు చోట్ల దిగి నెడతాను. కాబట్టి ఆ మాట తారు రోడ్డుకే చెప్పుకోవాలి.

రాచకొండ పేరు ఎత్తాను కాబట్టి అక్కడ జరిగింది వివరంగా చెప్పాలి. 2016లో పోలీసు కమిషనరేటుకు ఆ పేరు పెట్టాక ఊరంతా ఆ మాట వింది గానీ, అసలు రాచకొండ గుట్టలు చూసినవాళ్ళు నా ఆఫీసులో ఇద్దరు కూడా లేరు. 14వ శతాబ్దంలో రేచర్ల పద్మనాయకులు రాజధాని చేసుకున్న చోటు అది. గోడలు సున్నం లేకుండా రాయి మీద రాయి పేర్చినవి. అక్టోబరులో వెళ్ళాను. బాట పక్కన సీతాఫలాల గంపలు పెట్టుకుని తండా ఆడవాళ్ళు కూర్చున్నారు, గుట్టంతా తడి ఆకు వాసన. కోట ద్వారం దాటి, రాళ్ళ మధ్య గంటసేపు కూర్చుని, దిగడం మొదలుపెట్టిన కాసేపటికి వెనక చక్రంలో టంగుమని చప్పుడు. చక్రం వంకర తిరిగి ప్రతి చుట్టుకూ బ్రేకు రబ్బరుకు రాసుకుంటోంది. చూస్తే స్పోకు విరిగింది, అదీ గేర్ల వైపున, చక్రం మధ్యలోని హబ్బు దగ్గర వంపులో.

వెనక చక్రంలో కుడివైపు గేర్ల పళ్ళకు చోటివ్వడానికి రిమ్మును ఆ వైపుకు లాగి బిగిస్తారు. అందుకే ఆ వైపు స్పోకులు మిగతావాటికంటే ఎక్కువ బిగువు మీద ఉంటాయి. ఫ్యాక్టరీలో బిగువు సమానంగా పెట్టకపోతే ప్రతి చుట్టుకూ కొన్ని వదులై, మళ్ళీ బిగుసుకుని, కొన్నాళ్ళకు వంపు దగ్గర తెగుతాయి. అంతకు నెల ముందు సర్వీసింగుకు ఇచ్చినప్పుడు చక్రాలు చూడమని అడిగాను. చూశామన్నారు, డబ్బు తీసుకున్నారు. చూడలేదని ఆ రోజు తెలిసింది. కొత్త స్పోకు వెయ్యాలంటే మొదట వెనక గేర్ల పళ్ళ గుత్తి విప్పాలి, దానికి ప్రత్యేకమైన స్పానర్ కావాలి. నా సంచిలో పంక్చర్ సామాను తప్ప ఏమీ లేదు. ఫోనులో సిగ్నల్ కూడా లేదు.

వెనక బ్రేకు విప్పేసి, దిగుళ్ళలో నడుస్తూ, సమంగా ఉన్నచోట మెల్లగా తొక్కుతూ సంస్థాన్ నారాయణపురం చేరాను. రోడ్డు పక్కన రేకుల షెడ్డు కింద ఒక పెద్దాయన పిల్లల సైకిళ్ళు బాగుచేస్తున్నాడు. నా సైకిల్ వెనక పళ్ళ గుత్తిని చాలాసేపు చూసి, "గీ పానా నా దగ్గర లేదు బిడ్డా" అన్నాడు. నేను కూర్చుండిపోయాను. ఆయన మాత్రం వదల్లేదు. విరిగిన ముక్కను తీసి చేతిలో తిప్పి చూశాడు. డబ్బాలోంచి మామూలు పెద్ద సైకిల్ స్పోకు ఒకటి తీసి పక్కన పెట్టి కొలిచాడు, అది పొడుగ్గా ఉంది. తల ఉన్న కొసను కత్తిరించేశాడు. ఆ కొసను పట్టకారుతో ఒకసారి ఇటు, ఒకసారి అటు వంచి కొక్కెంలా చేశాడు. పళ్ళ గుత్తి వెనక సందులోంచి దాన్ని లోపలికి పోనిచ్చి, హబ్బు రంధ్రంలోకి కొక్కెం తగిలించి, రెండో కొసను రిమ్ములో మిగిలిన పాత నిప్పిల్‌కే, అంటే స్పోకును బిగించే చిన్న నట్టుకే, బిగించాడు. గుత్తి విప్పే పనే లేదు.

తర్వాత ఆయన చేసింది చూడాలి. సైకిల్ తలకిందులు పెట్టి, వీణ తీగ మీటినట్టు ఒక్కో స్పోకును గోటితో మీటుతూ చక్రం చుట్టూ వచ్చాడు. మోత తక్కువగా ఉన్నది దొరికితే పావు తిప్పు బిగించడం, మళ్ళీ మీటడం. "చెవు చెప్తది బిడ్డా, కండ్లకు తెల్వది" అన్నాడు. అరగంట పట్టింది. ముప్పై రూపాయలు అడిగాడు. ఎక్కువ ఇవ్వబోతే తీసుకోలేదు, టీ మాత్రం తాగుదామంటే ఒప్పుకున్నాడు. ఆ కొక్కెం స్పోకుతో యాభై కిలోమీటర్లు తొక్కుకుంటూ ఇంటికి వచ్చాను. చక్రం ఒక్కసారి కూడా బ్రేకుకు తగల్లేదు.

నగరంలో ఒక షాపువాళ్ళు దాన్ని చూసి చక్రం మొత్తం మార్చాలన్నారు. మార్చలేదు. వేరే చోట కుడివైపు స్పోకులన్నీ కొత్తవి వేయించి, నా ముందే బిగువు సరిచేయించాను. ఆ తర్వాత నాలుగు వేల కిలోమీటర్లు తిరిగాను, ఒక్కటీ విరగలేదు. ఆ కొక్కెం స్పోకును పారెయ్యకుండా, అలాంటివే ఇంకో రెండు వంచి సీటు కింద సంచిలో పెట్టుకున్నాను. దూరం పోయేవాళ్ళు ఎవరైనా ఈ పని నేర్చుకుని బయల్దేరితే మంచిది.

చిన్న రింగుతో తిప్పలూ ఉన్నాయి. పెద్ద రింగు నుంచి ఒకేసారి కిందికి దించితే చైను లోపలికి జారి ఫ్రేము మీద పడుతుంది. ఎత్తు మధ్యలో అలా పడితే దిగక తప్పదు, చేతులు నల్లగా అవుతాయి. ఎత్తు మొదలవకముందే, పెడల్ మీద బలం తగ్గించి మార్చాలి. ఇది చేతికి అలవాటు కావడానికి నాకు ఆరు నెలలు పట్టింది. పళ్ళు తక్కువ కాబట్టి ఈ రింగు తొందరగా అరుగుతుంది కూడా. మూడు రింగుల సైకిళ్ళు షాపుల్లో తగ్గిపోతున్నాయి, విడిగా 22 పళ్ళ రింగు అడిగితే చాలాచోట్ల తల అడ్డంగా ఊపుతున్నారు. ఇక మెట్లు ఎక్కించి ఇంట్లోకి తేవాలంటే ఈ బరువు తేలిక కాదు, మాది మొదటి అంతస్తు కాబట్టి సరిపోయింది.

మరి కొనొచ్చా అంటే, నా సంగతి చెప్పగలను. నా వయసు 46, మోకాలు అంతంతమాత్రం, ఆదివారాలూ పండగ సెలవులే దొరుకుతాయి, ఇల్లు ఊరికి తూర్పు చివర ఉంది, గంటలోపే గుట్టల దారి పట్టొచ్చు. నాకు ఇంతకంటే మంచి సైకిల్ దొరకదు. గచ్చిబౌలి వైపు ఉండి ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పు కింద వేసిన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ మీద పొద్దున్నే తొక్కేవాళ్ళకు చిన్న రింగు ముట్టుకునే పనే ఉండకపోవచ్చు. వాళ్ళకు ఒక రింగు సైకిలే నయం. పాతికేళ్ళ కాళ్ళకు కూడా ఇది అక్కర్లేదేమో.

ఈ మార్చిలో మోదుగలు పూసినప్పుడు మళ్ళీ రాచకొండ వెళ్ళాను. ఒక తండా దాటాక వచ్చే ఎత్తు మీద చిన్న రింగులో ఎక్కుతుంటే బడికి పోయే ఇద్దరు ఆడపిల్లలు పైదాకా నా పక్కనే నడుచుకుంటూ వచ్చారు. "అక్కా, గింత మెల్లగ పోతే ఎప్పుడు చేరుతవ్?" అని అడిగింది చిన్నది. పైకి చేరాక ఇద్దరినీ ఒక్కొక్కరిగా ఎక్కించి ఆ రింగు ఎలా పనిచేస్తుందో చూపించాను. ఆ తర్వాతి వారానికే 22 పళ్ళ రింగులు రెండు బెంగళూరు నుంచి తెప్పించి బీరువాలో పెట్టుకున్నాను.