క్షమాభిక్షా? రికార్డు తుడిచేయడమా? అమెరికా గంజాయి కేసుల్లో ఏది మేలు?

"అక్కా, ప్రెసిడెంటే అందరినీ క్షమించేశాడంట కదా, ఇంకా మా వాడి మీద కేసేంటి?"

2022 అక్టోబరు నుంచి ఈ ప్రశ్న ఏదో ఒక రూపంలో నా దగ్గరికి వస్తూనే ఉంది. నేను లాయర్ని కాదు. డాలస్ దగ్గర ఉంటాను. చదువుకోవడానికి వచ్చిన మన పిల్లలకు ఇబ్బంది వస్తే మంచి లాయర్ని వెతికిపెట్టడం, కోర్టుకు తోడు వెళ్లడం చేస్తుంటాను. ఫోన్లో ఒక్కొక్కరికీ చెప్పేదే ఈసారి రాసి పెడుతున్నాను.

అప్పటి అధ్యక్షుడు బైడెన్ ఈ క్షమాభిక్ష రెండుసార్లు ప్రకటించాడు. మొదటిది 2022 అక్టోబరు 6న, రెండోది పరిధి కొంచెం పెంచి 2023 డిసెంబరు 22న. సొంత వాడకానికి గంజాయి దగ్గర పెట్టుకున్న ఫెడరల్ (అంటే కేంద్ర ప్రభుత్వ చట్టం కింద పెట్టిన) కేసులకు, వాషింగ్టన్ డీసీ కేసులకు అవి వర్తిస్తాయి. మనం క్షమాభిక్ష అంటాం గానీ ఇందులో ఎవరినీ భిక్ష అడగాల్సిన పని లేదు. ఆ పరిధిలో ఉన్నవాళ్లందరికీ ఒక్కసారే దక్కింది. వియత్నాం యుద్ధానికి వెళ్లకుండా తప్పించుకున్నవాళ్లను 1977లో కార్టర్ ఇలాగే మూకుమ్మడిగా క్షమించాడు. కాంగ్రెస్‌లో బిల్లు ఏళ్ల తరబడి నానాల్సిన అవసరం లేకుండా ఒక్క సంతకంతో పని అయిపోతుంది. ఆ బలాన్ని నేను తక్కువ చేయను. 1970 నుంచి గంజాయిని హెరాయిన్‌తో పాటు ఒకే షెడ్యూల్లో, అంటే మత్తుమందుల చట్టంలోని అన్నిటికంటే కఠినమైన జాబితాలో పెట్టి నడిపిన విధానం విఫలమైందని దేశాధ్యక్షుడే ఒప్పుకోవడం చిన్న విషయం కాదు.

కానీ అధ్యక్షుడి క్షమాధికారం ఫెడరల్ నేరాల వరకే. గంజాయి అరెస్టులు దాదాపు అన్నీ రాష్ట్ర చట్టాల కింద, ఊరి పోలీసులో కౌంటీ పోలీసులో చేసేవే. అందుకే వైట్‌హౌస్ చెప్పిన లెక్కలోనే 1992 నుంచి 2021 వరకు ఫెడరల్ శిక్ష పడినవాళ్లు సుమారు 6,500 మంది, డీసీలో మరికొన్ని వేలు. ఈ సంతకంతో జైలు నుంచి బయటికి వచ్చినవాళ్లయితే ఒక్కరూ లేరు. కేవలం ఈ నేరానికే ఫెడరల్ జైల్లో ఉన్నవాళ్లు ఆ రోజుకు ఎవరూ లేరు మరి.

ఈ అంకెలన్నిటికంటే నేను ముందు చూసేది ఒకటుంది. రేపు బ్యాక్‌గ్రౌండ్ చెక్ చేస్తే ఆ కేసు కనిపిస్తుందా, లేదా?

క్షమాభిక్ష వచ్చినా కనిపిస్తుంది. శిక్ష పడిన మాట రికార్డులో అలాగే ఉంటుంది. కావాలంటే న్యాయశాఖకు దరఖాస్తు పెట్టుకుని ఒక సర్టిఫికెట్ తెచ్చుకోవచ్చు. ఆ కాగితాన్ని చేత్తో పట్టుకుని ఎన్ని చోట్లకు తిరుగుతారు? అపార్ట్‌మెంట్ కోసం లీజింగ్ ఆఫీసుకు వెళ్తే అక్కడి ఉద్యోగి చూసేది స్క్రీన్ మీద వచ్చిన రిపోర్టునే. అందులో పేరు, కేసు నంబరు, "కన్విక్టెడ్" అన్న మాట ఉంటాయి. మీరు సర్టిఫికెట్ తీసి చూపించేలోపు ఆ ఇల్లు ఇంకొకరికి వెళ్లిపోతుంది. ఉద్యోగమైతే ఎందుకు రాలేదో కూడా సరిగ్గా చెప్పరు.

ఇప్పుడు న్యూజెర్సీ చేసింది చూడండి. 2021లో గంజాయిని చట్టబద్ధం చేసినప్పుడు పాత కేసులను కోర్టులే తీసి తుడిచేయాలని చట్టంలోనే రాసుకున్నారు. ఆ ఏడాదిలోనే 3,60,000కు పైగా కేసులు పోయాయి. ఫీజు, ఫారం, లాయరు ఏదీ అక్కర్లేదు. తన పేరు మీద కేసు పోయిందన్న సంగతి తెలియనివాళ్లకు కూడా మేలు జరిగింది. నన్ను అడిగితే న్యాయం అంటే ఇదే. దరఖాస్తు పెట్టుకోవాలి అన్న షరతు పెట్టిన ప్రతిచోటా చదువు, తీరిక, డబ్బు ఉన్నవాళ్లే ముందు బాగుపడతారు. గంజాయి వాడకం నల్లవాళ్లలో, తెల్లవాళ్లలో దాదాపు సమానంగానే ఉన్నా, నల్లవాళ్లు అరెస్టయ్యే అవకాశం మూడు రెట్లకు పైగా ఉందని పౌరహక్కుల సంస్థ ఏసీఎల్‌యూ 2020 నివేదిక చెప్పింది. పట్టుకునేటప్పుడు ఎవరి దరఖాస్తూ లేకుండా పట్టుకున్నారు, వదిలేటప్పుడు మాత్రం దరఖాస్తు ఎందుకు?

రెండూ కలిపి చేసినవాళ్లూ ఉన్నారు. ఇల్లినాయ్ గవర్నరు 2019 డిసెంబరు 31న 11,017 మందికి క్షమాభిక్ష ఇచ్చింది, రికార్డు తుడిచేయడానికి మొదటి మెట్టుగానే. మేరీల్యాండ్‌ది అలా కాదు. అక్కడి గవర్నరు వెస్ మూర్ 2024 జూన్‌లో 1,75,000కు పైగా శిక్షలను క్షమించాడు. సంఖ్య చూస్తే చాలా పెద్దది. కానీ అక్కడ రికార్డులో క్షమించారన్న మాట చేరిందే తప్ప, ఆ ఉత్తర్వుతోనే కేసు మాయం కాలేదు. అందుకే నా ఓటు తుడిచేయడానికే. క్షమాభిక్ష ఒక్కటే ఇచ్చి ఊరుకుంటే సగం పనే.

శిక్ష తగ్గింపు సంగతి వేరు. అది జైల్లో ఉన్నవాళ్లకు, ఎక్కువగా అమ్మకం, రవాణా కేసుల్లో ఇరుక్కున్నవాళ్లకు. గంజాయిని అంత కఠినం కాని మూడో షెడ్యూల్‌కు మార్చే ప్రతిపాదన 2024 మేలో వచ్చింది. అది పాత కేసులను ముట్టుకోదు.

ఇక మన పిల్లల విషయం. బైడెన్ ప్రకటన వర్తించేది అమెరికా పౌరులకు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకు మాత్రమే. చదువు వీసా (ఎఫ్-1), ఉద్యోగ వీసా (హెచ్-1బీ) వాళ్లు అందులో లేరు. నేను ఇంత మెచ్చుకున్న తుడిచేయడం కూడా ఇమిగ్రేషన్ దగ్గర చాలావరకు పనిచేయదు. రాష్ట్రం తుడిచేసినా ఫెడరల్ ఇమిగ్రేషన్ చట్టం ఆ శిక్షను శిక్షగానే లెక్కపెడుతుంది. వీసాకు నింపే డీఎస్-160 ఫారంలో సెక్యూరిటీ ప్రశ్నల పేజీ తెరిచి చూడండి. ఎప్పుడైనా అరెస్టయ్యారా, శిక్ష పడిందా, క్షమాభిక్ష వచ్చి ఉన్నా సరే చెప్పండి అని అడుగుతుంది. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకు 30 గ్రాముల లోపు, ఒకే ఒక్క కేసు అయితే దేశం నుంచి పంపించేయకుండా మినహాయింపు ఉంది. అదే మనిషి ఇండియా వెళ్లి తిరిగొచ్చేటప్పుడు ఎయిర్‌పోర్టులో చిక్కు పడొచ్చు.

కాబట్టి వీసా మీద ఉన్నవాళ్లకు ఏది మేలు అంటే, శిక్ష పడకముందు చేసే పనే మేలు. ఖమ్మం వైపు అబ్బాయి ఒకడు లాంగ్ వీకెండ్‌కి డెన్వర్ వెళ్లి, అక్కడ షాపులో రసీదు తీసుకుని మరీ కొన్న గమ్మీల (గంజాయి సారం కలిపిన జెల్లీ మిఠాయిల) ప్యాకెట్ కారు డ్యాష్‌బోర్డు అరలో మరిచిపోయాడు. టెక్సస్‌లో అమరిల్లో ఊరు దాటాక స్పీడు కోసం పోలీసులు ఆపారు. డెన్వర్ ఉన్న కొలరాడోలో అది షాపులో చట్టబద్ధంగా కొనుక్కునే తినే సరుకు. టెక్సస్‌లో ఆకు కొంచెం దొరికితే చిన్న నేరమే గానీ, దాని సారంతో చేసిన గమ్మీలు ఫెలనీ, అంటే పెద్ద నేరం. వాడికి మొదటి లాయరు చెప్పిన సలహా "డిఫర్డ్ అడ్జుడికేషన్" తీసుకోమని. నేరం ఒప్పుకో, ప్రొబేషన్ (కోర్టు నిఘాలో గడిపే కాలం) సక్రమంగా పూర్తిచెయ్యి, శిక్ష పడినట్టు ఉండదు అన్నారు. టెక్సస్ చట్టంలో అది నిజమే. ఇమిగ్రేషన్ చట్టంలో మాత్రం ఒప్పుకోవడం, దాని మీద ప్రొబేషన్ వేయడం కలిస్తే శిక్ష పడినట్టే. వాళ్లమ్మ ఫోన్లో "సంతకం పెట్టేయమనండి అమ్మా, టెన్షన్‌తో చచ్చిపోతున్నాం" అంటోంది. పెట్టొద్దని వాడి చేయి పట్టుకుని ఆపాల్సి వచ్చింది.

నేరం ఒప్పుకుంటే దేశం నుంచి పంపించేసే ప్రమాదం ఉందో లేదో క్రిమినల్ లాయరే చెప్పి తీరాలని సుప్రీంకోర్టు 2010లో తేల్చింది. కెంటకీ నుంచి వచ్చిన ఆ కేసూ గంజాయి కేసే. రెండో లాయరు ఇమిగ్రేషన్ లాయరుతో మాట్లాడి, నేరం ఒప్పుకునే అవసరం లేకుండా నడిపింది. ఏడు నెలలకు కేసు కొట్టేశారు.

ఇప్పుడు ఆ అరెస్టు రికార్డు కూడా తుడిపించడానికి కోర్టులో వేయబోతున్నాం. వేసేముందు ఆ లాయరు వాడితో చేయించిన పని ఒకటుంది. కోర్టు క్లర్కు దగ్గరికి పంపి, కేసు కొట్టేసిన ఆర్డరుకు ముద్ర వేసిన నకళ్లు నాలుగు తెప్పించింది. తుడిచేశాక అవి ఇక దొరకవు. వీసా స్టాంపింగ్‌కి హైదరాబాద్ వెళ్లినప్పుడు అరెస్టయ్యారా అన్నచోట వాడు అవుననే పెట్టాలి. అప్పుడు కిటికీ అవతలి ఆఫీసరుకు ఇవ్వడానికి వాడి దగ్గర ఉండేది ఆ కాగితమే.